దసరా సెలవులు ఎవరికి?

(జిల్లా మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మహిళా హక్కుల సమావేశంలో పండుగ సెలవుల గురించి మాట్లాడతానని చెప్పినప్పుడు నిర్వాహకులు కొంచెం ఆశ్చర్యపోయారు. వరకట్న హత్యలు, గృహహింస, ఆస్తిహక్కు, పనిచోట వేధింపులు - ఇన్ని సమస్యలుండగా చిన్నపిల్లల్ని తీసుకుని ఊరికి వెళ్ళటం కూడా చర్చించాల్సిన విషయమేనా అని మీలో కొందరికైనా అనిపించవచ్చు. ఇంకో మూడు వారాల్లో బడులకు దసరా సెలవులు వస్తాయి. తెలంగాణలో దాదాపు రెండు వారాలు, ఆంధ్రాలో పది రోజుల పైచిలుకు. ఇక్కడున్న చాలామంది ఇప్పటికే మనసులో లెక్కలు వేసుకుంటున్నారని నాకు తెలుసు. పిల్లల్ని ఎవరి దగ్గర ఉంచాలి, పుట్టింటికి ఎన్ని రోజులు, అత్తగారింటికి ఎన్ని రోజులు, ఎవరికి ఏ బట్టలు కొనాలి, మనం చూస్తున్న కేసుల వాయిదాలు ఆ రోజుల్లో పడితే ఎలా? ఈ లెక్కలు వేసేది మనమే. మన ఇళ్ళలో మగవాళ్ళు ఈపాటికి ఈ లెక్కలు మొదలుపెట్టారా అని ఒక్కసారి ఆలోచించండి. ఈ ప్రశ్న దగ్గరే నా ప్రసంగం మొదలవుతుంది.

ముందుగా నా అనుభవం చెబుతాను. సామాజిక శాస్త్రంలో పరిశోధన చేసినదాన్ని గనుక అంకెలతో మొదలుపెట్టడం నాకు సులువు. కానీ ఈ విషయంలో అంకెల కన్నా ముందు నా తప్పు చెప్పాల్సి ఉంది.

అది 2010 అక్టోబరు. పాపకు అప్పుడే ఐదేళ్ళు నిండాయి. బాబుకు పది నెలలు. హైదరాబాదు నుంచి కరీంనగర్ వైపు మా తల్లిగారి ఊరికి ఇద్దరినీ తీసుకుని బయలుదేరాను. నా భర్తకు బ్యాంకు ఉద్యోగం, పండుగ నాడు తప్ప సెలవు లేదు కాబట్టి ముందురోజు రాత్రికి వస్తానన్నాడు. ఆ ప్రయాణానికి నేను వారం రోజుల నుంచి సర్దుతూనే ఉన్నాను. బాబుకు పాలసీసాలు, కాచి చల్లార్చిన నీళ్ళు, జ్వరం మందు, గుడ్డలు. పాపకు కొత్త పరికిణీ, దారిలో తినటానికి మురుకులు, బస్సులో వాంతి అవుతుంది కాబట్టి ప్లాస్టిక్ సంచులు, నిమ్మకాయ. అమ్మకు మోకాళ్ళ మందు. తమ్ముడి పిల్లలకు బట్టలు. పక్కింటివాళ్ళకు తాళంచెవి, పాలవాడికి మాట, గ్యాసు కట్టేశానా లేదా అన్న అనుమానం. నా భర్త చేసిన ఏర్పాటు తన సెలవు చీటీ రాసుకోవటం.

బస్‌స్టాండులో పండుగ రద్దీ. బాబు పాల కోసం ఏడుస్తున్నాడు. ఆ పెద్ద బస్‌స్టాండులో సిగరెట్లు అమ్మటానికి చోటుంది గానీ బిడ్డకు పాలివ్వటానికి నాలుగడుగుల మరుగు లేదు. చివరికి ఒక స్తంభం వైపు తిరిగి కూర్చుంటే, ఎవరో తెలియని ముసలమ్మ తన కొంగు అడ్డం పట్టుకుని నిలబడింది. బస్సు ఎక్కాక పాపకు ఐదేళ్ళు నిండాయి కదా అని అర టికెట్టు కొన్నాను. టికెట్టు కొన్నా దాని చోటు మాత్రం నా ఒళ్ళోనే. ఒక తొడ మీద పాప, ఒక తొడ మీద బాబు, కాళ్ళ దగ్గర బ్యాగు. నాలుగు గంటల ప్రయాణం ఆరు గంటలు పట్టింది. మీలో ఈ ప్రయాణం చేయనివాళ్ళు ఎవరూ లేరనుకుంటాను, అందుకే దీన్ని ఎక్కువ వర్ణించను.

ఇంటికి చేరాక అమ్మ నీళ్ళు తోడిపెట్టింది. అన్నం తిని పడుకున్నాను. మర్నాడు కళ్ళు తెరిచేసరికి పొద్దెక్కి పది గంటలయింది. బాబు పుట్టాక అంతసేపు నిద్రపోవటం అదే మొదటిసారి. పుట్టిల్లంటే ఇదే కదా అనుకున్నాను. మన సమాజంలో పెళ్ళయిన ఆడదానికి ఏడాదికి కొన్ని రోజులు ఒళ్ళు వాల్చే హక్కు ఏదైనా ఉంటే అది పండక్కి పుట్టింటికి వెళ్ళటమే. చట్టంలో రాయకపోయినా ఆచారంలో మిగిలిన హక్కు అది. బతుకమ్మ పండుగ తెలంగాణ ఆడవాళ్ళకు అంత ప్రాణం కావటానికి ఇదొక కారణమని నేను నమ్ముతాను. పెత్రమాస నాటి ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు గునుగు, తంగేడు, బంతిపూల చుట్టూ ఆడబిడ్డలు చేరటం, చప్పట్లు కొడుతూ పాడుకోవటం, వాకిట్లో పిల్లలు ఆడుకుంటుంటే తల్లులు ఒకరి కష్టం ఒకరికి చెప్పుకోవటం - ఇదంతా వట్టి మూఢత్వమని కొట్టిపారేసే స్త్రీవాదం నాది కాదు.

కానీ ఆ రోజు లేచి వంటింట్లోకి వెళ్ళేసరికి నా మరదలు, అంటే తమ్ముడి భార్య, పొయ్యి దగ్గర ఉంది. తెల్లవారుజామున లేచి వాకిలి ఊడ్చి, అలికి, ముగ్గేసి, నా పిల్లలిద్దరికీ స్నానాలు చేయించి, తన పిల్లలతో పాటు వాళ్ళకూ తినిపించింది. నువ్వులు వేయించి సత్తు కోసం దంచుతోంది. "నువ్వు మీ అమ్మగారింటికి ఎప్పుడు పోతున్నవు?" అని మామూలుగా అడిగాను. ఆమె తలెత్తకుండానే, "మీరు పోయినంక పోత వదినె. ఆడబిడ్డ ఇంటికొచ్చినప్పుడు నేను పోతె మంచిగుంటదా?" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఊళ్ళో అందరికీ తెలిసిన రివాజు చెప్పింది, అంతే.

మేం పండుగ అయ్యాక మూడు రోజులకు గానీ బయలుదేరలేదు. అప్పటికి బడులు తెరిచే రోజు దగ్గరపడింది. మరదలు పుట్టింట్లో ఉన్నది రెండు రాత్రులు. ఆమె తల్లి అప్పటికి పక్షవాతంతో మంచంలో ఉందని నాకు తెలుసు. తెలిసీ నాకు తట్టలేదు. తర్వాతి బతుకమ్మ నాటికి ఆ తల్లి లేదు.

మిత్రులారా, ఆ రోజుల్లో నేను స్త్రీల అదృశ్య శ్రమ గురించి వ్యాసాలు రాస్తున్నాను. ఊరూరా తిరిగి, ఆడవాళ్ళు ఎన్ని గంటలు పనిచేస్తారో అడిగి రాసుకున్నాను. నా పుట్టింటి వంటింట్లో నా విశ్రాంతికి కావలసిన పనంతా చేస్తున్న మనిషి మాత్రం నా లెక్కలోకి రాలేదు. నాకు దొరికిన సెలవు ఆమెకు రావలసిన సెలవు. ఒక ఆడదాని పుట్టిల్లు ఇంకో ఆడదాని అత్తిల్లు అన్న చిన్న నిజాన్ని నేను పుస్తకాల్లో చూశాను గానీ మా ఇంట్లో చూడలేదు.

ఇక్కడితో ఆగితే దీన్ని వదినా మరదళ్ళ మంచితనానికి సంబంధించిన విషయంగా తేల్చేయవచ్చు. అందుకని గొలుసులో ఇంకో కొక్కెం చెబుతాను. హైదరాబాదులో మా ఇంట్లో అంట్లు తోమి, బట్టలుతికే ఆమెది పాలమూరు. మేం ఊరికి బయలుదేరే ముందు, "నీకూ పది రోజులు సెలవే కదా" అని నవ్వుతూ అన్నాను. ఆమె నవ్వలేదు. "ఆ పది రోజుల పైసలు కోస్తరా అమ్మా?" అని అడిగింది. మా బిల్డింగులో అందరూ కోస్తారు. నేనూ కోశాను. చెప్పుకోవటానికి సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను. మా సెలవుకు ఆమె తన జీతంలోంచి డబ్బు కట్టింది.

ఆమె ఆ రోజు ఇంకో మాట కూడా అంది. "బడికి సెలవులంటే మాకు భయం అమ్మా." ఆమెకు ఏడేళ్ళ కూతురు, రెండేళ్ళ కొడుకు. బడి ఉంటే కూతురికి మధ్యాహ్నం అన్నం బడిలో దొరుకుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి బడుల్లో వండి పెడుతున్నారు. సెలవులిస్తే ఆ అన్నం ఆగిపోతుంది. తల్లి మిగతా ఇళ్ళలో పనికి పోవాల్సిందే, ఎందుకంటే పండక్కి ఆ ఇళ్ళకు చుట్టాలొస్తారు, అంట్లు రెండింతలవుతాయి. అప్పుడు రెండేళ్ళ తమ్ముణ్ణి చంకనేసుకుని గదిలో కూర్చునేది ఆ ఏడేళ్ళ పిల్లే. అంటే నా సెలవు, నా మరదలి చాకిరీ, పనామె కోత జీతం, చివరికి ఏడేళ్ళ ఆడపిల్ల చంకలో బిడ్డ. సెలవు ఈ గొలుసులో కిందికి దిగేకొద్దీ పనిగా మారుతూ పోయింది. ప్రతి మెట్టు మీదా ఉన్నది ఆడదే. మగవాళ్ళు ఈ గొలుసులో ఎక్కడా కనిపించరని గమనించండి. అంటే ఈ వ్యవస్థలో వాళ్ళకు చోటు లేదని కాదు, వాళ్ళు గొలుసు బయట కూర్చుని పండుగ చేసుకోగలుగుతున్నారని.

ఇప్పుడు అంకెలు చూద్దాం. మన దేశంలో 2019లో జరిగిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఆరేళ్ళు దాటిన ఆడవాళ్ళలో 81.2 శాతం మంది రోజూ జీతం లేని ఇంటిపని చేస్తారు. మగవాళ్ళలో 26.1 శాతం. చేసే ఆడవాళ్ళకు సగటున రోజుకు 299 నిమిషాలు, చేసే మగవాళ్ళకు 97 నిమిషాలు పడుతుంది. 2024లో మళ్ళీ సర్వే చేశారు. ఆడవాళ్ళవి 289 నిమిషాలు, మగవాళ్ళవి 88 నిమిషాలు. ఐదేళ్ళలో ఆడవాళ్ళ పని పది నిమిషాలు తగ్గింది. దాన్ని మగవాళ్ళు పంచుకున్నారనుకోవటానికి లేదు, ఎందుకంటే వాళ్ళ పనీ తొమ్మిది నిమిషాలు తగ్గింది! పిల్లల్నీ, రోగుల్నీ, ముసలివాళ్ళనీ చూసుకునే పని దీనికి అదనం. 2024లో అది ఆడవాళ్ళకు 137 నిమిషాలు, మగవాళ్ళకు 75.

ఈ అంకెల వల్ల ప్రయోజనం లేకపోలేదు. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాదం కేసులో నష్టపరిహారం లెక్కకడుతూ సుప్రీంకోర్టు ఇంటిపనికి విలువ కట్టాల్సిందేనని చెప్పింది. ఆ తీర్పులో జస్టిస్ ఎన్.వి. రమణ 2019 సర్వే అంకెలనే ఉటంకించారు. కేసులు చూసే కార్యకర్తలు ఈ తీర్పును గుర్తుపెట్టుకోవాలి. అయితే ఆడది చనిపోయాక ఆమె పనికి కోర్టు విలువ కట్టడం ఒక సంగతి. బతికుండగా ఆమెకు విశ్రాంతి దొరకటం ఇంకో సంగతి.

పైగా సర్వే గడుల్లో ఇమడని పని ఒకటుంది. దాన్ని గుర్తించటానికి నాకు ఒక వ్యాసం సాయపడింది. మికేలా డి లియోనార్డో అనే అమెరికన్ మానవ శాస్త్రవేత్త కాలిఫోర్నియాలోని ఇటాలియన్ అమెరికన్ కుటుంబాలను పరిశీలించి 1987లో రాసింది. పండుగలకు పిలవటం, ఉత్తరాలు రాయటం, కానుకలు కొనటం, ఎవరింటికి ఎప్పుడు వెళ్ళాలో కుదర్చటం - ఇదంతా కూడా పనే అని ఆమె వాదించింది. దాన్ని మనం బంధుత్వాల చాకిరీ అనుకోవచ్చు. ఆమె ఇంకో సంగతి కూడా గమనించింది. ఈ పని ఆడవాళ్ళకు బరువే, కానీ దాని ద్వారానే వాళ్ళకు కుటుంబంలో కొంత పలుకుబడి, కొన్ని అనుబంధాలు దొరుకుతాయి. అందుకే వదులుకోవటం కష్టం. మన అమ్మలు పండుగ పనిని ఎందుకు ఎవరి చేతికీ ఇవ్వరో నాకు ఆ వ్యాసం చదివాక అర్థమయింది. వంటింటి మీది పెత్తనం తప్ప వాళ్ళకు ఇంకే పెత్తనమూ ఇవ్వలేదు మనం. ఉన్న ఒక్కటీ ఎలా వదులుకుంటారు?

ఆడపడుచుకు చీర పెట్టాలని, తోటికోడలి కొడుకుకు మొదటి దసరా అని, పెద్దత్తగారికి చక్కెర జబ్బు కాబట్టి ఆమెకు వేరే వండాలని, బాబుకు కోడిగుడ్డు పడదని గుర్తుపెట్టుకోవటాన్ని ఏ సర్వే గడిలో రాస్తాం? మన మగవాళ్ళలో మంచివాళ్ళు "ఏం చేయాలో చెప్పు, చేస్తాను" అంటారు. చెప్పటం కూడా పనే కదా! "ఇల్లలకగానే పండగ కాదు" అని సామెత. ఇల్లలికి అలికి తన పేరే మరచిపోయిన ఇల్లాలి కథ పి. సత్యవతి గారు రాసిందే, మీరంతా చదివే ఉంటారు. ఆ కథ వచ్చి ఎన్నో ఏళ్ళయింది. ఇప్పుడు అలకడానికి మట్టి నేల లేదు, మిక్సీ వచ్చింది, మురుకులు దుకాణంలో దొరుకుతున్నాయి. అయినా పండుగ ముగిసే నాటికి ఇంటి ఇల్లాలికి నడుం నొప్పి రాకుండా పోవటం లేదు.

శరదృతువులో చిన్నపిల్లలతో ప్రయాణం అంటే అందరికీ సెలవు ప్రయాణం కూడా కాదు. ఒడిశా పడమటి జిల్లాలు, ముఖ్యంగా బొలంగీర్, నువాపడా నుంచి ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాలు మీకు తెలుసు. అక్కడ నువాఖాయి పండుగ అయ్యాక దళారులు అడ్వాన్సులు ఇస్తారు. ఆ పైన కొద్ది వారాల్లో రైళ్ళెక్కి మన బట్టీలకు వస్తారు. వానలు మొదలయ్యేదాకా ఇక్కడే. భార్య, భర్త, ఒక పిల్ల కలిసి ఒక లెక్క కింద పనిచేయటం అక్కడి పద్ధతి. ఒక దీపావళి ముందు రోజుల్లో నేను రైల్వే ప్లాట్‌ఫాం మీద అలాంటి కుటుంబాన్ని చూశాను. బియ్యం మూట, అల్యూమినియం గిన్నెలు, ఒంటిమీద చొక్కా లేని ఇద్దరు పిల్లలు, తల్లి ఒళ్ళో నెలల బిడ్డ. నేను నా పిల్లలతో సెలవుల నుంచి తిరిగివస్తున్నాను. మా పిల్లలకు బడి మొదలయ్యే రోజులు అవి, వాళ్ళ పిల్లలకు బడి ఆగిపోయే రోజులు. మన పత్తి పొలాల్లో కూడా ఇంతే. దసరా సెలవుల నాటికి పత్తి తీత మొదలవుతుంది. సెలవులంటే చాలామంది ఆడపిల్లలకు తల్లి వెంట పత్తి చేనుకు పోయే రోజులు.

ఈ పరిస్థితుల్లో ప్రభుత్వం ఏం చేయాలి? కొన్ని చట్టాలు కాగితం మీద ఉన్నాయి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి 26 వారాల సెలవిచ్చారు, 50 మంది, ఆపైన ఉద్యోగులున్న ప్రతి సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. ఆ నియమాన్నే 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కొనసాగించారు. కానీ మన ఆడవాళ్ళలో ఎక్కువమంది పనిచేసేది చేలల్లో, ఇళ్ళల్లో, బీడీల దగ్గర. యాభై మంది లెక్క వాళ్ళకు ఎక్కడ వర్తిస్తుంది? 2005 ఉపాధి హామీ చట్టం పని స్థలానికి ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి వస్తే వాళ్ళను చూసుకోవటానికి ఒక స్త్రీని పెట్టి, ఆమెకు కూలీ ఇవ్వాలని చెప్పింది. పనులకు వెళ్ళినవాళ్ళను అడగండి, ఎన్నిచోట్ల అలా పెట్టారో వాళ్ళే చెబుతారు.

అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2న మొదలయ్యాయి. ఐదు దశాబ్దాలుగా ఈ దేశంలో పేద తల్లులకున్న ఏకైక ఆసరా అవే. కానీ అవి కొన్ని గంటలే నడుస్తాయి, తల్లి పనివేళలతో వాటికి పొత్తు కుదరదు. అంగన్‌వాడీతో పాటు శిశు సంరక్షణ కేంద్రం నడపాలని కేంద్రం 'పాల్నా' పథకం పెట్టింది. దాన్ని మన జిల్లాల్లో ఎక్కడెక్కడ తెరిచారో అడగటం మన పని. అయితే అంగన్‌వాడీని సెలవుల్లోనూ తెరవండి అని అడిగేటప్పుడు ఒక జాగ్రత్త ఉండాలి. అక్కడ పనిచేసేదీ ఆడవాళ్ళే. వాళ్ళకూ పిల్లలున్నారు, పండుగ ఉంది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాళ్ళకు గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పిచ్చింది. అది కూడా పోరాడి తెచ్చుకున్నదే. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు నుంచి వాళ్ళు 42 రోజులు సమ్మె చేశారు. వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించారు. అంటే వాళ్ళ పని ఆగితే సమాజం ఆగిపోయేంత అత్యవసరమైనదని ప్రభుత్వమే ఒప్పుకుంది, కానీ అత్యవసరమైన పనికి ఇవ్వాల్సిన జీతం మాత్రం ఇవ్వదు, గౌరవ వేతనం అంటుంది. బడి వంటమ్మల సంగతీ అంతే. కేంద్రం 2009లో వాళ్ళకు నిర్ణయించింది నెలకు 1000 రూపాయలు, అదీ ఏడాదికి 10 నెలలకే. బడి సెలవుల ఖర్చు వాళ్ళ మీద కూడా పడుతోంది. అందుకని మన డిమాండు "ఎక్కువ గంటలు తెరవండి" అని మాత్రమే కాకూడదు. "ఎక్కువమందిని పెట్టండి, పూర్తి జీతమివ్వండి, వంతులవారీగా సెలవులివ్వండి" అని ఉండాలి. లేకపోతే మా ఇంట్లో నేను చేసిన తప్పునే ఉద్యమంగా మనం చేసినట్టవుతుంది.

మంచి మార్పులు కూడా చెప్పుకోవాలి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. దాన్ని ఎగతాళి చేస్తూ మాట్లాడేవాళ్ళను మీరు వినే ఉంటారు. నా మరదలు ఆ పథకం వచ్చిన తర్వాత నాతో ఒక మాట అంది. "ఇప్పుడు అమ్మగారి ఊరికి పోతననడానికి పైసలు అడుగుడు లేదు వదినె, పోతున్న అని చెప్పుడే." చార్జీ కోసం చేయి చాపాల్సిన అవసరం లేకపోతే అనుమతి అడగటం కూడా కొంత తగ్గుతుంది. కానీ టికెట్టు ఉచితమైనంత మాత్రాన ఒళ్ళో ఇద్దరు పిల్లలున్న తల్లికి సీటు దొరకదు. పండుగ రోజుల్లో బస్సుల సంఖ్య పెంచాలి, ప్రతి బస్‌స్టాండులో పాలిచ్చే గది, శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి. తండ్రుల మాట కూడా చట్టం ఎత్తాలి. కేంద్ర ప్రభుత్వోద్యోగులైన తల్లులకు 2008 నుంచి పిల్లల సంరక్షణ సెలవు 730 రోజులు ఉంది. తండ్రికి బిడ్డ పుట్టినప్పుడు 15 రోజులు. తల్లికి సెలవివ్వటం అవసరమే, కానీ పిల్లల పని ఆమెదే అని దాంతో పాటు రాసిపెట్టినట్టయింది.

ఇంటిపని చేసే స్త్రీల విషయంలో అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడికను ఆమోదించింది. వారానికి వరుసగా 24 గంటల విశ్రాంతి వాళ్ళ హక్కని అది చెబుతుంది. ఆనాడు మన దేశం అనుకూలంగా ఓటు వేసింది, కానీ ఆ తర్వాత దాన్ని ధ్రువీకరించలేదు. ప్రభుత్వం చేసేదాకా మనం ఆగక్కర్లేదు. ఈ హాలులో ఉన్నవాళ్ళలో చాలామంది ఇళ్ళలో సాయానికి ఒక మనిషి ఉంటుంది. పండక్కి మనం ఊరెళ్ళినా ఆమె జీతం కోయకుండా ఉండటానికి ఏ జీవో అక్కర్లేదు. మా ఇంట్లో 2011 నుంచి కోయటం మానేశాను. దాన్ని గొప్పగా చెప్పటం లేదు. ఆలస్యంగా చేశానని చెబుతున్నాను.

మరి మా పుట్టింట్లో ఏం మారింది? అంత సులువుగా ఏమీ మారలేదు. మరదలి తల్లి పోయాక, ఆమె తండ్రి ఒక్కడే ఉండిపోయాడు. ఇకనుంచి బతుకమ్మ మొదటి రోజులు మరదలు తన పుట్టింటికి వెళ్తుందని, సద్దులకు తిరిగి వస్తుందని, ఆ తర్వాతే నేను వస్తానని మా అమ్మతో చెప్పాను. అమ్మ ఒప్పుకోలేదు. "కోడలు లేకుంటే ఇల్లు ఎట్ల నడుస్తది బిడ్డా?" అంది. తమ్ముడు వండుతాడన్నాను. అమ్మ నవ్వింది. మొదటి ఏడాది తమ్ముడు అన్నం మాడ్చాడు. రెండో ఏడాది నా భర్త కూడా ముందే సెలవు పెట్టి వచ్చి వాడికి తోడయ్యాడు. "అల్లుడు వంటింట్లకు వస్తే ఊరోళ్ళు ఏమనుకుంటరు?" అని అమ్మ తలుపు దగ్గరగా వేసింది. ఊరివాళ్ళు కొన్ని రోజులు నవ్వుకున్నారు, తర్వాత మానేశారు. పదిహేనేళ్ళ తర్వాత ఇప్పుడు కూడా సామాన్ల జాబితా నా తలలోనే ఉంటుంది. అది ఇంకా నా భర్త తలలోకి వెళ్ళలేదు. కానీ మా అబ్బాయికి నువ్వుల సత్తు దంచటం వచ్చు. మా మరదలి కూతురు వాడికి నేర్పింది.

బతుకమ్మ తొమ్మిది రోజుల్లో ఆరో రోజు ఒక ప్రత్యేకత ఉంది. ఆ రోజు బతుకమ్మ అలిగిందంటారు. పూలు పేర్చరు, నైవేద్యం చేయరు. ఎందుకు అలిగిందో ఎవరెవరో ఏవేవో చెబుతారు. చిన్నప్పుడు మా పాప నన్ను అడిగింది, "అమ్మా, బతుకమ్మ అలిగితే అందరూ ఊరుకుంటారా? నువ్వు అలిగితే మాత్రం నాన్న అన్నం ఏది అంటాడేం?" అని. నా దగ్గర అప్పుడు జవాబు లేదు.

మీ ముందు మూడు పనులు పెట్టి ముగిస్తాను. మొదటిది, ఈ దసరాకు మీ మీ సంఘాల్లో ఒక కాగితం మీద రాయండి: మన ఇంట్లో ఈ సెలవుల్లో ఎవరు ఎన్ని గంటలు పని చేశారు, ఎవరు ఎవరి పుట్టింటికి ఎన్ని రోజులు వెళ్ళారు, ఎవరు వెళ్ళలేకపోయారు. వచ్చే సమావేశానికి ఆ కాగితాలు తీసుకురండి. రెండోది, సెలవు రోజుల్లో పిల్లలకు భోజనం, సంరక్షణ గురించి, అంగన్‌వాడీ, వంట కార్మికుల జీతాలతో కలిపి, జిల్లా కలెక్టరుకు ఒక వినతిపత్రం ఇద్దాం. మూడోది అన్నిటికన్నా కష్టమైనది. మీరు పండక్కి పుట్టింటికి వెళ్ళేముందు అక్కడి వంటింట్లో ఉన్న మనిషిని అడగండి, ఆమె తన ఇంటికి ఎప్పుడు వెళ్తోందని. అడిగి, ఆమె జవాబు చెప్పేదాకా ఆగండి.

సెలవు.